ఎగువవాని ధర్మము

అత్తాపూరులో చిరునామా చెప్పవలసి వచ్చినవాడు ముందుగా వీధిపేరు చెప్పడు, పిల్లరు నంబరు చెప్పును. 2009లో పూర్తియై, మెహిదీపట్నము నుండి ఆరాంఘర్ వరకు 11.6 కి.మీ. పొడవున శంషాబాదు విమానాశ్రయపు వాహనములను తలపై మోయుచున్న పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే స్తంభములు ఈ ప్రాంతపు జనమునకు ఎంత పరిచితములో, వానికి కూతవేటు దూరమున ప్రవహించు మూసీనది అంత అపరిచితము. వంతెన దాటునపుడు కారు అద్దము పైకెత్తుట, స్కూటరుపై నున్నవాడు ముక్కునకు చేతిరుమాలు అడ్డుపెట్టుకొనుట, ఇంతకు మించి నదితో మనకు సంబంధము లేదు. వానకాలమున జంట జలాశయముల గేట్లు ఎత్తినారన్న వార్త చెవిని పడినప్పుడు మాత్రము, మన ప్రక్కన ఒక నది యున్నదనియు, దానికి ఒక ఎగువ యున్నదనియు జ్ఞప్తికి వచ్చును.

ఆ ఎగువకు పోయి ఒక వసంతరాత్రి గడిపి రమ్మని ఈ అధ్యాయము చెప్పుచున్నది. దేహమునకు వ్యాయామము, మనస్సునకు ఉల్లాసము అనునవి ఆ ప్రయాణమున ఎట్లును లభించును గనుక వానిని గూర్చి ఇచ్చట విస్తరింపను. మనుష్యుడు తనకు పైనున్నవారు చేసిన అపకారమును ఏనాటికిని మరువడు. తాను ఎవరికి పైన నున్నాడో ఆ సంగతి మాత్రము అతనికి తోచనే తోచదు. అత్తాపూరువాసి పుట్టుకతోనే దిగువవాడు. నగరములో ఎవరెవరో విడిచిన మురుగు అతని ఇంటి ప్రక్కనుండి పోవును. అందుకై అతడు నిందించుటయు న్యాయమే. అట్టివాడు ఒక్క రాత్రియైనను ఎగువవాడై మెలగి చూచినచో, ఏ పుస్తకమును నేర్పజాలని ఒక వివేకము అతనికి అలవడును.

ఎచ్చటి నీరు ఎచ్చటికి

బయలుదేరుటకు పూర్వము నీటిదారి తెలిసికొనవలెను. వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలు మూసీకి జన్మస్థానము. ఆ నదికి ముచుకుంద యను పౌరాణిక నామము కలదు. దేవతల వలన నిద్రావరము పొంది గుహలో శయనించియున్న ముచుకుందుని లేపిన కాలయవనుడు ఆ రాజర్షి చూపు సోకినంతనే భస్మమయ్యెననియు, పిదప దర్శనమిచ్చిన శ్రీకృష్ణుని పాదములు కడిగిన జలమే నదియై పారినదనియు అనంతపద్మనాభస్వామి క్షేత్రమున చెప్పుకొందురు. కొండదిగిన ఆ నీరు గండిపేట చేరును. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచివేయగా, అట్టి వరద మరల రాకుండుటకై మోక్షగుండం విశ్వేశ్వరయ్య చేసిన సూచనల ననుసరించి 1920లో గండిపేట వద్ద ఉస్మాన్‌సాగరును, 1927లో ఈసీనదిపై హిమాయత్‌సాగరును ఏర్పడినవి. ఇవియే ఆ జంట జలాశయములు. లంగర్‌హౌజు బాపూఘాటు వద్ద ఈసీ వచ్చి మూసీలో కలియును. ఆ సంగమము దాటినంతనే అత్తాపూరు.

ఎగువను కాపాడవలెనను ఆలోచన ప్రభుత్వమునకును లేకపోలేదు. 1996లో వెలువడిన 111వ నంబరు ఉత్తర్వు ఈ రెండు చెరువుల చుట్టు 10 కి.మీ. మేర 84 గ్రామములలో కర్మాగారములను, పెద్ద కట్టడములను నిషేధించినది. 2022లో ఆ నిర్బంధములను సడలించుచు మరియొక ఉత్తర్వు వచ్చినది. ఉత్తర్వు కట్టివేసినదానిని మరియొక ఉత్తర్వు విప్పగలదు. మనుష్యుడు తనంతట తాను పాటించు నియమమును విప్పగలవాడు తానొక్కడే.

కాని మనము రాత్రి గడపబోవు కోట్‌పల్లి జలాశయము మూసీది కాదు. అనంతగిరి ఒక జలవిభాజకము. తూర్పువాలున పడిన చినుకు మూసీ వైపు మరలును. పడమటివాలున పడినది వాగులలోబడి కాగ్నా నదిని చేరును. కొండకు ఆవలి అంచున, అడవికిని పొలములకును నడుమ, వాగుకు అడ్డముగా కట్టిన కట్టచే ఏర్పడిన ఈ సరస్సు కాగ్నా పరివారములోనిది. దాని నీరు పడమరగా సాగి తాండూరు మీదుగా పోవును. అనగా మీరు కొండ శిఖరముపై నుండి తూర్పునకు ఉమ్మినచో అది మీ ఊరిపై పడును, పడమరకు ఉమ్మినచో ముఖమెరుగని తాండూరువానిపై పడును. తన ఊరి నీరని తెలిసినచోట జాగ్రత్తపడుట పెద్ద గొప్ప కాదు. పరాయివాని నీటియొడ్డున, చూచువాడు లేని రాత్రివేళ మనము ఎట్లు మెలగుదుమో, అదియే మన నడవడికి నిజమైన కొలత.

ఋతువు, అనుమతి

మాఘమాసపు చివరి దినముల నుండి ఉగాదికి కొంచెము ముందు వరకు ఈ యాత్రకు అనువైన కాలము. అప్పటికి టేకుచెట్లు ఆకులు రాల్చి నిలిచియుండును, మోదుగులు ఆకు లేకుండ పూతతో ఎర్రబడును. పగలు ఎండ చురుక్కుమన్నను రాత్రి దుప్పటి కావలసినంత చలి ఉండును. ఉగాది దాటిన పిదప ఎండ హెచ్చును, వానకాలమున దారి జారును, నేల చిత్తడియగును.

రక్షితారణ్యములో ఇచ్చవచ్చినచోట గుడారము వేయుట నేరము. అటవీశాఖవారి అనుమతి ఉన్నచోట గాని, యజమాని సమ్మతించిన పట్టాభూమిలో గాని, నిర్వాహకులు అనుమతితో నడుపు శిబిరములలో గాని మకాము వేయవలెను. చీకటిపడిన తరువాత స్థలము వెదకుకొనువాడు ఎప్పుడును తప్పుస్థలమునే ఎన్నుకొనును గనుక ఈ ఏర్పాటు ఇల్లు కదలకముందే జరుగవలెను. మెహిదీపట్నములో వికారాబాదు బస్సు ఎక్కినచో మొయినాబాదు, చేవెళ్ల, మన్నెగూడల మీదుగా, రోడ్డునకు ఇరుప్రక్కల వందలాదిగా నిలిచిన ముసలి మర్రుల నీడలో ప్రయాణము సాగును. వికారాబాదున దిగి, ఆటోలో అనంతగిరి చేరి, ప్రాతఃకాలము కొండపై నడచి, మధ్యాహ్నమునకు ధారూరు మార్గమున సరస్సునకు దిగి, సూర్యాస్తమయమునకు రెండు గంటల ముందుగా మకాము చేరునట్లు వేళలు అమర్చుకొనుట మేలు.

మూట

వీపున మోయు బరువు శరీరపు బరువులో ఐదవవంతు మించరాదు. 60 కిలోల మనుష్యునకు 12 కిలోలు పరమావధి. ఒక్క రాత్రికి 8 కిలోలు చాలును. ఇందులో పెద్ద పాలు నీటిదే. లీటరు నీరు కిలో బరువు. ఎండలో నడచువానికి దినమునకు 4 లీటర్లయినను కావలెను గనుక, 3 లీటర్లు మోసికొనిపోయి, మిగిలినది ఊళ్లలో నింపుకొనుట మేలు. సరస్సు నీటినే త్రాగవలసివచ్చినచో గుడ్డతో వడగట్టి, కుతకుత మరుగుట మొదలిడిన తరువాత మరియొక నిమిషము మరుగనిచ్చి చల్లార్చవలెను. ఇద్దరికొక టెంటు, తలకు కట్టుకొను టార్చి, పలుచని చాప, దుప్పటి, చేతులు పూర్తిగా కప్పు చొక్కా, చీలమండను పట్టియుంచు బూట్లు, చిన్న తవ్వుగోల, రెండు ఖాళీ సంచులు: ఇవి తప్పనిసరి. తక్కినవానిలో దేనినైనను చేతబట్టుకొని "ఇది లేకున్న రాత్రి గడవదా?" అని అడిగి, గడచునని తోచినచో ఇంటనే విడువవలెను.

మూట కట్టిన పిదప, ప్రయాణమునకు ముందురోజు సాయంకాలము దానిని వీపునకు తగిలించి, లిఫ్టును విడిచి, మీ అపార్టుమెంటు మెట్లు ఐదవ అంతస్తు వరకు రెండుమారులు ఎక్కి దిగవలెను. అనవసరమైన వస్తువు ఏదియో మెదడునకు తెలియకపోయినను మూడవ అంతస్తునకు భుజములకు తెలియును.

ఆహారమునకు మన వంటింటిని మించిన శాస్త్రము లేదు. చింతపండు పులుపు, నూనె చేరిన పులిహోర ఉదయము వండినది రాత్రివరకు చెడదు. జొన్నరొట్టెలు, పల్లీకారము మరునాటికిని నిలుచును. వేకువకు అటుకులు, బెల్లము చాలును. వీనిని స్టీలు డబ్బాలలో తీసికొనిపోయినవాడు తిరిగివచ్చునపుడు ఆ డబ్బాలనే తెచ్చుకొనును. పొట్లములలో కొనిపోయినవాడు తిని, ఖాళీ పొట్లమును ఏమి చేయవలెనో తెలియక చెట్టు మొదట దాచును. అరటితొక్క మట్టిలో కలిసిపోవునుగదా యని పారవేయువారు కలరు. అనంతగిరి ఆలయప్రాంతమున కోతులు మనుష్యుల చేతిసంచులపై పడుటకు ఇట్టి తొక్కలును ఒక కారణమే.

మకాము

సరస్సు సౌందర్యమును చూచి నీటియంచుననే గుడారము వేయవలెనని ప్రతివానికిని తోచును. ఆ కోరికను అణచుకొనవలెను. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి పల్లమునకు జారి నిలుచును గనుక నీటియొడ్డున చలియు మంచుతడియు హెచ్చు. నీరు త్రాగుటకు వచ్చు జంతువుల దారియు అదియే. ఒడ్డునకు సుమారు 70 అడుగులు వేసినంత దూరమున, కొంచెము మెరకపైన, ఎండుకొమ్మ తలపై వ్రేలాడనిచోట, వాగుదారి కానిచోట గుడారము నిలుపవలెను. వసంతమున జలాశయము వెనుకకు తగ్గి, పైకి ఎండినట్లు పగుళ్లువారి, లోపల మోకాలిలోతు బురదగల నేలను విడిచిపోవును; దానిపై నడువరాదు. సరస్సులో ఈతకు దిగరాదు. పైకి నిశ్చలముగా కనబడు ఈ నీటిలో ప్రాణములు పోయిన ఘటనలు కలవు. పడవ ఎక్కదలచినవారు నిర్వాహకుల వద్ద లైఫ్‌జాకెట్టు తొడిగికొనియే ఎక్కవలెను.

గులకరాళ్ల నేలపై నడచునపుడు ఒక పక్షి తలపై చక్కర్లు కొట్టుచు తెరపి లేకుండ అరచినచో అది తీతువు అని ఎరుగవలెను. వసంతము దాని గ్రుడ్లు పెట్టుకాలము. గూడు కట్టదు, నేలపై చిన్న గుంటలో రాళ్లరంగు గ్రుడ్లను రాళ్లమధ్యనే పెట్టును. పాదము క్రింద పడువరకు అవి కంటికి ఆనవు. తీతువు అరుపు అపశకునమని మన పెద్దలు జంకుచుండిరి. దాని దృష్టిలో అపశకునము మనమే. అరుపు వినబడినంతనే వచ్చినదారినే వెనుదిరిగి మరియొక త్రోవ పట్టవలెను.

పాముల విషయమున భయముకంటె క్రమము ముఖ్యము. కట్లపాము రాత్రివేళ తిరుగును, నేలపై పరుండినవానిని కరచును. ఆ కాటునకు నొప్పి స్వల్పము గనుక నిద్రలో తెలియకపోవచ్చును. అందుచే ఆరుబయట చాపపై పరుండక, గుడారపు జిప్పు పూర్తిగా మూసికొని నిద్రించవలెను. బూట్లు తొడుగుకొనుటకు ముందు దులుపవలెను. టార్చి లేకుండ అడుగు వేయరాదు. కాటు పడినచో కోయుట, పీల్చుట, బిగించి కట్టుట మూడును తగవు. కరచిన అవయవమును కదలనీయక, 108కు చెప్పి, ఆసుపత్రికి చేర్చవలెను. విరుగుడు మందు లభించు ఆసుపత్రి ఏదియో బయలుదేరుటకు ముందే కనుగొని వ్రాసికొనవలెను.

నీరు, సబ్బు, నిప్పు

ఈ యాత్రలో పరీక్ష అంతయు ఈ మూటిలో నున్నది. ఒక సాయంకాలము ఆ సరస్సు ఒడ్డున నగరమునుండి వచ్చిన యువకుడొకడు కుక్కరుగిన్నె నీటిలో ముంచి, దానికి సబ్బు రుద్దుచుండెను. గొర్రెలను తోలుకొనివచ్చిన వృద్ధుడు కొంతసేపు కర్రపై గడ్డము ఆనించి చూచి, కోపము లేని కంఠముతో, "బిడ్డా, గీ నీళ్లు మా గొర్లు తాగుతయి. జర దూరంబోయి కడుగు" అన్నాడు. యువకుడు సిగ్గుపడి, "సరే తాతా, తెల్వలే" అని గిన్నెతో నీళ్లు ముంచుకొని గట్టుమీదికి పోయెను. ఆ నురుగు నాలుగు బుడగలై ఒడ్డును పట్టి నిలిచియుండగా గొర్రెలు దానిని తప్పించుకొని ప్రక్కకు జరిగి త్రాగినవి. కాలుష్యమును గూర్చిన ఉపన్యాసములన్నియు ఆ యువకునికి అంతకుముందు తెలిసియేయుండును. అతనికి తెలియనిది దిగువవాని ముఖము మాత్రమే.

కనుక స్నానమునకును, పాత్రలకును నీరు గిన్నెతో తెచ్చుకొని, ఒడ్డునకు 70 అడుగులు వేసినంత దూరమున వాడి, అచ్చటనే నేలపై చల్లవలెను. మన్ను దానిని వడగట్టుకొనును. కాలకృత్యములకు అంతకంటెను దూరముగా పోయి, జానెడు లోతు గుంట తీసి, పని ముగియగనే మట్టి కప్పవలెను. కాగితము మాత్రము సంచిలో వెనుకకు రావలెను. నిప్పు విషయము మరింత కఠినము. ఫిబ్రవరి నుండి మే వరకు మన అడవులు ఆకురాలి ఎండియుండు కాలము. ఆ ఆకులపై పడిన సిగరెట్టు తునక కొండవాలును అంతటిని కాల్చగలదు. అనుమతిగల శిబిరములో ఏర్పరచిన పొయ్యి తప్ప మరెచ్చటను మంట వేయరాదు. వేసినచో నీళ్లు పోసి, బూడిదలో చేయి పెట్టి చల్లదనము చూచిన పిదపనే నిద్రకు పోవలెను.

ధ్వనియు ఒక విసర్జనమే. నిద్రాభంగము చేసినవాడు భస్మమైన కథ చెప్పుకొను కొండకు వచ్చి, అర్ధరాత్రి వరకు స్పీకరులో పాటలు మ్రోగించు సాహసవంతులను చూచినప్పుడు, ముచుకుందుడు ఇప్పుడు ఆ గుహలో లేకుండుట వారి అదృష్టమనియే అనుకొనవలెను.

నీరు తిరిగివచ్చు దారి

ఇంతవరకు తాండూరువాడు పరాయివాడని చెప్పితిని. దారిని ఇంకను కొంచెము అనుసరించి చూడుడు. కాగ్నా కర్ణాటకములో ప్రవేశించి భీమానదిలో కలియును. భీమ కృష్ణలో కలియును. కృష్ణ నాగార్జునసాగరమునకు వచ్చును. ఆ సాగరమునుండియే హైదరాబాదు నగరమునకు కృష్ణాజలములు గొట్టముల ద్వారా ఎత్తిపోయబడుచున్నవి. తూర్పువాలున పుట్టి మన ఊరి ప్రక్కనే పారు మూసీ మాత్రము సాగరము దాటిన తరువాత వాడపల్లి వద్ద కృష్ణను చేరును. అనగా కోట్‌పల్లి ఒడ్డున పరాయివానికి విడిచితిమనుకొన్న నీటిలో ఏదో ఒక పాలు, రెండు రాష్ట్రములు చుట్టి, మన నల్లాకే వచ్చుచున్నది.

ఈ సంగతి నేను మొదటనే చెప్పియుండవచ్చును. చెప్పకుండుటకు కారణము కలదు. తన నల్లాకు వచ్చునని తెలిసిన పిదప సబ్బును దూరముగా ఉంచుట జాగ్రత్త. అది తెలియకముందే, గొర్రెలకొరకు, గొర్రెలకాపరికొరకు ఉంచుట ధర్మము. జాగ్రత్తకు లెక్క కావలెను, లెక్క మారినప్పుడు అదియు మారును. ధర్మమునకు ఆ అవస్థ లేదు. లోకములో ప్రతి నీరును మన ఇంటికి తిరిగిరాదు. ప్రతి అపకారమును చేసినవానిని వెదకుకొనుచు రాదు. వచ్చునను భయముమీద నిలిచిన మంచితనము, రాదని నిశ్చయము కలిగిన మరునాడే కూలిపోవును.

అభ్యాసము

యాత్రనుండి వచ్చిన వారములోనే, జ్ఞాపకము పచ్చిగా ఉండగా, ఈ అభ్యాసమును చేయుడు. మీ దైనందిన జీవితములో మీరు ఎగువన నున్న మూడు తావులను గుర్తించి వ్రాసికొనుడు. కార్యాలయములో సాయంకాలము ఐదుగంటలకు కాగితము క్రిందివానికి పంపి, రేపు పదింటికి సిద్ధము కావలెననువాడు ఎగువవాడు. అతని బద్ధకపు మధ్యాహ్నము మరియొకని నిద్రలేని రాత్రియగును. వంటింట అందరికంటె ముందు భోజనమునకు కూర్చుండి కూరలో సగము వడ్డించుకొనువాడు ఎగువవాడు. పగిలిన గాజుగ్లాసును తడిచెత్తతో కలిపి సంచిలో పడవేసి ఉదయము చెత్త ఆటోలో వేయువాడు ఎగువవాడు. ఆ సంచిని విప్పి వేరుచేయు చేయి దిగువన నున్నది.

మూడు తావులు వ్రాసిన తరువాత, ఒక్కొక్కదానికి ఎదురుగా దిగువనున్నవాని పేరు వ్రాయవలెను. "గుమాస్తా", "పనిమనిషి", "చెత్తబండివాడు" అని వ్రాయుట చెల్లదు, పేరే కావలెను. అనేకులు ఈ మూడవ పంక్తి దగ్గర కలము పట్టుకొని ఆగిపోవుదురు. తెలియనిచో మరునాటి ఉదయము ఆటో వచ్చినప్పుడు దిగిపోయి, "అన్నా, నీ పేరేంది?" అని అడిగి తెలిసికొని వ్రాయుడు. అటుపిమ్మట ఒక నెల దినములు ఆ మువ్వురి విషయమున ఒక్కొక్క అలవాటును మాత్రమే మార్చుకొనుడు: కాగితమును మధ్యాహ్నము రెండింటికే పంపుట, కూరగిన్నెను చివరకు అందుకొనుట, గాజుపెంకును మందపు కాగితమున చుట్టి వేరుగా ఇచ్చుట. సరస్సు ఒడ్డున ఒక్క రాత్రి గిన్నెడు నీళ్లను 70 అడుగులు మోసినవానికి ఇవి భారము కావు.